పడింది ఆయన, అడగవలసింది ఆవిడను

గజపతి జిల్లాలో ఇరవై రెండేళ్లుగా జనరల్ ప్రాక్టీసు చేస్తున్నాను. నా దగ్గరకు వచ్చే పెద్దవాళ్లలో చాలామందికి ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, పెన్షన్ కాగితాల మీద ఇంగ్లీషు. ఈ మధ్య కొన్నేళ్లుగా రక్తపోటు, మోకాళ్ల నొప్పులతో పాటు ఇంకో ప్రశ్న కూడా నా గదిలోకి వస్తోంది. "మా అబ్బాయి సీనియర్ లివింగ్‌లో ఫ్లాట్ చూశాడు డాక్టరు గారూ, వెళ్లమంటారా?" అంటే వయస్సు మళ్లినవాళ్ల కోసమే కట్టిన ఇళ్ల సముదాయం. వెళ్లాలా వద్దా అన్నదానికి జవాబు వైద్య కళాశాలలో ఎవరూ నేర్పలేదు. కింద రాసిన కేసులో నేను రెండుసార్లు పొరబడ్డాను. రాయడానికి కారణం అదే.

కుటుంబం అనుమతి ఇచ్చింది. ఉద్యోగం, వయస్సులు, రూపాయల అంకెలు మార్చాను. లెక్కలోని నిష్పత్తులను మాత్రం కదపలేదు. ఊరిని పర్లాకిమిడి అనుకోండి, కాకపోయినా ఇబ్బంది లేదు.

నేపథ్యం

ఆయనకు 78 ఏళ్లు. ఒడిశా ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్పి 58వ ఏట రిటైరయ్యారు. ఊళ్లో అందరికీ మాస్టారు. ఆయన భార్యకు 72. మహేంద్రతనయకు నడిచి వెళ్లేంత దూరంలో సొంత ఇల్లు, పైన ఒక చిన్న పోర్షన్. కొడుకు అమెరికాలో ఉంటాడు. కూతురు విశాఖపట్నంలో, రెండు పడక గదుల ఫ్లాట్‌లో, అత్తగారితో కలిసి ఉంటుంది. "కూతురింట్లో నాలుగు రోజులైతే చుట్టరికం, నలభై రోజులైతే భారం" అని మాస్టారు మొదటి రోజే తేల్చేశారు కాబట్టి ఆ దారి గురించి ఎవరూ మళ్లీ మాట్లాడలేదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు సరిహద్దు గీత ఈ ఊరిని ఆనుకొని పడింది. అవతల పాతపట్నంలో తెలుగు బడి, ఇవతల ఒడియా బడి. ఆవిడ ఇవతల పుట్టారు. ఐదో తరగతి వరకు ఒడియాలో చదివారు. పుట్టింటి భాష తెలుగే, జోలపాట తెలుగే, కోపం వస్తే తెలుగే. కానీ తెలుగు అక్షరం చదవలేరు. ఇలాంటి వాళ్లు మా ప్రాంతంలో వేలమంది. నాకు తెలిసిన సంగతే అయినా ఆవిడ కేసు షీటులో రాసుకోలేదు. అప్పటికి నా దృష్టిలో రోగి మాస్టారు.

వచ్చిన సమస్య

2022 ఆగస్టులో ఒక రాత్రి రెండు గంటలకు మాస్టారు బాత్రూముకు వెళుతూ పడ్డారు. ఎడమ మణికట్టు విరిగింది. ఆవిడ లేపలేకపోయారు. ఫోను చేయలేదు. చీకట్లో వీధిలోకి వెళ్లి పక్కింటి గేటును చేత్తో బాదారు. కంగారులో ఫోను సంగతి మరచిపోయారనుకున్నాం. ఆ అనుమానాన్ని అక్కడే తవ్వి ఉంటే ఏడు నెలలు కలిసి వచ్చేవి.

వారం తిరక్కుండా కొడుకు హైదరాబాద్ శివార్లలో ఒక సీనియర్ లివింగ్ కమ్యూనిటీని ఎంపిక చేశాడు. ఒక పడక గది ఫ్లాట్ కొనాలి. నెలనెలా సర్వీసు ఛార్జీ కట్టాలి. దానికి డబ్బు సమకూరాలంటే ఇక్కడి ఇల్లు అమ్మాలి. కొడుకు దాన్ని కమ్యూనిటీ అన్నాడు, మాస్టారు కాలనీ అన్నారు, ఆవిడ ఆశ్రమం అన్నారు. మూడు పేర్లు పెట్టుకుని ఒకే చోటు గురించి మాట్లాడుకుంటున్నామని అందరూ నమ్మారు.

మాస్టారికి వెళ్లాలనే ఉంది. చదరంగం ఆడేవాళ్లు దొరుకుతారు, లైబ్రరీ ఉంది, నీళ్ల మోటారు చెడిపోతే మెకానిక్ ఇంటి చుట్టూ తిరగక్కర్లేదు. ఆవిడ "ఆయన ఎక్కడుంటే అక్కడే" అన్నారు. ఆ మాటను ఇంట్లోవాళ్లు అంగీకారంగా రాసుకున్నారు. నేనూ అలాగే రాసుకున్నాను.

మొదట చేసింది: పట్టిక

కూతురు ఒక కాగితం మీద లాభాలు ఒకవైపు, నష్టాలు ఒకవైపు రాసి తెచ్చింది. లాభాల్లో రాత్రింబవళ్లు నర్సు, గదిలో అత్యవసర బటన్, అంబులెన్సు, పట్టుకునే కడ్డీలున్న బాత్రూములు, వండి పెట్టే భోజనం, తోటివాళ్లు, కాపలా, దగ్గరలో పెద్ద ఆసుపత్రి వంటివి. నష్టాల్లో ఖర్చు, ఇల్లు పోవడం, తిండి రుచి, ఊరు దూరం కావడం, నియమాలు, చుట్టూ అందరూ ముసలివాళ్లే కావడం వంటివి. "నెలకో చావు చూడాలి" అని మాస్టారు నవ్వుతూ చేర్పించారు. మొత్తానికి పదకొండుకు తొమ్మిది. క్రికెట్ స్కోరులా చదివి వినిపించింది.

నాకు చిరాకు వేసిన మాట నిజం. అత్యవసర బటన్ ఒక గీత, ఇల్లు పోవడం ఒక గీత. రెండూ ఒకే పొడవు. అన్నిటికన్నా ముందు, ఆ పట్టికలో సగం లాభాలు మాస్టారు మళ్లీ పడతారన్న భయం నుంచి పుట్టినవి. ఆయన ఎందుకు పడ్డారో అప్పటికి ఎవరూ అడగలేదు. అందుకే పట్టిక పక్కన పెట్టి ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టాను.

పడుకున్నప్పుడు రక్తపోటు 148/82. లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లో 118/70. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని పడిపోతే చాలు, నిలబడినప్పుడు బీపీ తగ్గిపోయే సమస్య అంటాం. ఈయనకు పై అంకె 30 పడింది. మందులు చూస్తే ప్రొస్టేట్ కోసం రాత్రి వేసుకునే టామ్సులోసిన్, బీపీ మాత్రలో కలిసి ఉన్న మూత్రం ఎక్కువ చేసే మందు. ఒకటి రక్తనాళాలను సడలిస్తుంది, ఇంకోటి ఒంట్లో నీటిని తగ్గిస్తుంది, పైగా రాత్రి రెండుకు లేపుతుంది. వేర్వేరు ఊళ్లలో వేర్వేరు వైద్యులు రాసినవి. ఏదీ తప్పు మందు కాదు. కలిపి చూసినవాళ్లు లేరు, అంతే.

మూత్రం ఎక్కువ చేసే మందు లేని బీపీ మాత్రకు మార్చాను. ప్రొస్టేట్ మందు సంగతి యూరాలజిస్టుతో మాట్లాడాను. లేచే ముందు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోవాలని, రాత్రి మంచం పక్కనే యూరిన్ పాత్ర పెట్టుకోవాలని చెప్పాను. మణికట్టు విరిగిన వయస్సు కాబట్టి ఎముకల బలానికి చికిత్స మొదలుపెట్టాం. నెల తర్వాత నిలబడితే తగ్గేది 8 మాత్రమే.

అంటే ఇల్లు అమ్మించబోయిన ఆ రాత్రికి ప్రధాన కారణం మందుల కలయిక. దీన్ని కొడుక్కి చెప్పినప్పుడు "అయితే వెళ్లక్కర్లేదంటారా?" అని అడిగాడు. నేను ఆ మాట అనలేదు. 78, 72 ఏళ్ల వాళ్లు ఇద్దరే ఉండటమనే సమస్య అలాగే ఉంది. తొందర ఒక్కటే పోయింది. తొందర పోతే ఇల్లు అమ్మడానికి ముందు ఒకసారి ఉండి చూడవచ్చు కదా అన్నాను.

విఫలమైనవి

2022 డిసెంబరులో, కొడుక్కి సెలవులు దొరికినప్పుడు, హైదరాబాద్ కమ్యూనిటీలోని గెస్ట్ రూములో పదిహేను రోజులు ఉండి వచ్చారు. సలహా నాదే. తేదీలు మాత్రం విమానం టికెట్టు నిర్ణయించింది. అది మార్గశిరం. మా వైపు గురువారాన్ని లక్ష్మీవారం అంటారు. మార్గశిర లక్ష్మీవారాలకు తెలుగు ఇళ్లలో ముగ్గులు, ఒడియా ఇళ్లలో బియ్యప్పిండితో గడప నుంచి దేవుడి గది దాకా లక్ష్మి పాదాలు. ఆవిడ రెండూ వేస్తారు. నలభై ఏళ్లలో ఆ నెలలో ఇల్లు విడవలేదట. అక్కడ గదిలో దీపం వెలిగించవద్దన్నారు.

తిరిగి వచ్చాక మాస్టారు అరగంట మాట్లాడారు. ఎలా ఉందమ్మా అని ఆవిడను అడిగితే "బాగానే ఉంది" అన్నారు. "బాగుంది" అనలేదు. ఆ మధ్యలో ఉన్న "నే" ఎంత బరువైనదో తెలుగువాడిగా నాకు తెలియాలి. ఆ రోజు బయట పాతికమంది రోగులున్నారు, నేను వినిపించుకోలేదు. కొడుకు అడ్వాన్సు కట్టడానికి సిద్ధమయ్యాడు. ఎందుకో ఆవిడే రెండు నెలలు ఆగమన్నారు. సంక్రాంతి అన్నారు, తర్వాత శివరాత్రి అన్నారు.

ఆ గడువులో ఇంట్లో అటెండెంటును పెట్టి చూశారు. బరంపురం ఏజెన్సీ ద్వారా పది వారాల్లో ముగ్గురు వచ్చి వెళ్లారు. మొదటి ఆవిడ సొంత పిల్లకు జ్వరమని వెళ్లి తిరిగి రాలేదు. రెండో కుర్రాడు రాత్రంతా చెవుల్లో పాటలు పెట్టుకుని పడుకునేవాడు. మూడో ఆమె బాగా చేసేది, కానీ జీడిపిక్కల కాలం రాగానే ఊరికి పోయింది. ఏరుడు కూలి అక్కడ ఎక్కువ, ఆమెను తప్పుపట్టలేం. ఈ పది వారాలూ ముగ్గురికి వండాల్సింది మాస్టారి భార్యే. సాయానికి పెట్టిన మనిషికి ఆవిడ సాయం.

ఏజెన్సీని తిట్టుకోవడం తేలిక. అసలు లోపం మా ఆలోచనలో ఉంది. మాస్టారికి రాత్రి రెండు నిమిషాల అవసరం. దానికి ఇరవై నాలుగు గంటల మనిషిని పెట్టాం. మిగిలిన సమయమంతా ఆ మనిషి ఇంట్లో అతిథి.

తర్వాతది నా రెండో తప్పు, చెప్పడానికి ఇబ్బందిగానే ఉంది. 2023 మార్చిలో ఆవిడ మాత్రలు రెండుసార్లు తప్పారని, చెప్పిన మాట మరచిపోతున్నారని కూతురు తీసుకొచ్చింది. జ్ఞాపకశక్తికి 30 మార్కుల పరీక్ష పెట్టాను. తెలుగులో అడిగాను. కాగితం మీద తెలుగులో రాసి చదివి చేయమన్నాను. 19 వచ్చాయి. షీటులో "మతిమరుపు వ్యాధి తొలి దశ?" అని రాశాను. నేను పెట్టిన ప్రశ్నార్థకం విశాఖపట్నం దాటేసరికి రాలిపోయింది. అమెరికా చేరేసరికి అది రోగ నిర్ధారణ. మతిమరుపు ఉన్నవాళ్లను చూసుకునే మెమరీ కేర్ విభాగం ఉన్న కమ్యూనిటీల పేర్లతో కొడుకు నాకు రాత్రి ఒంటిగంటకు సందేశం పంపాడు.

మలుపు

తర్వాతిసారి ఆవిడను ఒంటరిగా పిలిచాను. కూతుర్ని బయట కూర్చోమన్నాను. హైదరాబాద్‌లో ఏం నచ్చలేదమ్మా అని ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా అడిగాను.

"భోజనాల హాల్లో అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వేదాన్ని నాయనా. ఎందుకు నవ్వుతున్నారో తెలిసేది కాదు."

అప్పుడు వెలిగింది. ఇన్నేళ్ల అనుభవం ఉండి ఆ మాట కోసం ఏడు నెలలు పట్టింది. ఆ రాత్రి ఆవిడ ఫోను చేయకపోవడానికి కారణం కంగారు కాదు. ఫోనులో మాట వినబడదు. ఆ సంగతి ఆవిడ మాస్టారికి కూడా చెప్పలేదు. మాస్టారిది తరగతి గది గొంతు, అది వినబడుతుంది; కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

విశాఖపట్నంలో వినికిడి పరీక్ష చేయిస్తే రెండు చెవుల్లోనూ సగటున 50 డెసిబెళ్ల లోపం. నలుగురు ఒకేసారి మాట్లాడే హాల్లో ఆ లోపంతో ఏదీ విడిగా వినబడదు. అదే రోజు 15 ప్రశ్నల వృద్ధుల కుంగుబాటు పరీక్ష చేశాం. 5 దాటితే ఆలోచించాలి. ఆవిడకు 8. హైదరాబాద్ వెళ్లే ముందు చేసి ఉంటే పోల్చుకోవడానికి ఒక అంకె ఉండేది. చేయలేదు.

వినికిడి యంత్రాలు పెట్టాక మూడు నెలలు ఆగి జ్ఞాపకశక్తి పరీక్ష మళ్లీ పెట్టాం. ఈసారి ఒడియాలో, ఒడియా లిపిలో. 26 వచ్చాయి. కుంగుబాటు 4కు దిగింది. మాత్రలు ఎందుకు తప్పారంటే, స్ట్రిప్పు మారినప్పుడు దుకాణం కుర్రాడు కవరు మీద తెలుగులో రాసిచ్చాడు. ఆవిడ చదవలేకపోయారు.

తొలి పరీక్షకు మందు రాయకపోవడం ఒక్కటే నా అదృష్టం.

లెక్క

ఇప్పుడు పట్టికను మళ్లీ తీశాం. ఈసారి మాస్టారినే లెక్క వేయమన్నాను, లెక్కల మాస్టారు కదా. ఒక్క షరతు పెట్టాను. ఇద్దరికీ ఒక లెక్క, ఎవరో ఒకరు మిగిలితే ఇంకో లెక్క. ఆయన చాక్‌పీసు లేని చేతితో గాల్లో ఏదో రాసి, కాసేపు ఆగి, కాగితం అడిగారు.

కరవు భత్యంతో కలిపి పెన్షన్ 38,000. హైదరాబాద్ కమ్యూనిటీలో ఇద్దరికి అన్నీ కలిపి నెలకు 46,000. తేడా 8,000. కొడుకు వేస్తానన్నాడు, అది కష్టం కాదు. ఇక ఆయన లేకపోతే? పెన్షన్ ఆఖరి జీతంలో 50 శాతమైతే కుటుంబ పెన్షన్ 30 శాతం. అంటే ఐదులో మూడు వంతులు, 22,800. అక్కడ ఖర్చు మాత్రం సగం కాదు. సర్వీసు ఛార్జీ ఫ్లాట్‌కు ఇంత అని ఉంటుంది, తగ్గేది ఒక్క భోజనమే. ఒక్కరికి 35,000. తేడా 12,200. మనిషి తగ్గితే లోటు పెరిగింది. పైగా ఏటా 8 శాతం పెంపు ఒప్పందంలోనే ఉంది. ఆ వేగంతో తొమ్మిదేళ్లకు ఖర్చు రెట్టింపు.

మాస్టారు కాగితాన్ని చాలాసేపు చూశారు. "ఇన్నాళ్లూ నేను పోతే దానికి ఎంత వస్తుందో చూసుకున్నాను గాని, ఎంత ఖర్చవుతుందో చూడలేదు" అన్నారు. కమ్యూనిటీకి వెళ్లాలని అందరికన్నా ఎక్కువ ఉబలాటపడిన మనిషి. ఆ రోజు నుంచి తొందర పెట్టలేదు.

కాగితాల్లో ఇంకో మూడు విషయాలు బయటపడ్డాయి. ఒకటి, ఆ కమ్యూనిటీ సొంతంగా పనులు చేసుకోగలిగినవాళ్ల కోసం. స్నానం, బట్టలు, మరుగుదొడ్డి వంటి వాటికి మనిషి కావలసి వస్తే సొంత ఖర్చుతో అటెండెంటును పెట్టుకోవాలి, లేదా యాజమాన్యం వేరే చోటికి మారమనవచ్చు. అంటే ఏ భయంతో ఇల్లు అమ్ముతున్నారో ఆ రోజు వస్తే ఆ ఫ్లాట్ పనికి రాదు. ప్రకటనలోని నర్సు, అంబులెన్సు అబద్ధాలేమీ కాదు. అవి అప్పటి దాకా మాత్రమే. 2019లో కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ ఇలాంటి నివాసాలకు నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. పేరులోనే నమూనా ఉంది. చేతిలో ఉన్న ఒప్పందంలో ఏముందో చదువుకోక తప్పదు.

రెండోది, ఫ్లాట్ అమ్మాలంటే కమ్యూనిటీ పెట్టిన వయస్సు పరిమితి దాటినవాళ్లకే అమ్మాలి. పిల్లలకు వారసత్వంగా వస్తుంది గాని వాళ్లు అందులో ఉండలేరు. మూడోది ఇక్కడి ఇంటి సంగతి. ఇల్లు తన పేర రాస్తే తానే అప్పు తీసుకుని అక్కడ కొంటానని కొడుకు ఒక దశలో అన్నాడు. మనసులో దురుద్దేశం లేదు, నాకు తెలుసు. అయినా 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ చదివి వినిపించాను. రాసిచ్చాక చూసుకోకపోతే ఆ దస్తావేజును రద్దు చేయించే వీలు అందులో ఉంది. కాకపోతే చూసుకోవాలనే షరతు మీద ఇచ్చినట్టు ఉండాలి. షరతును దస్తావేజులోనే రాయించండి, లేదా రాయకండి అన్నాను. వాళ్లు రాయలేదు.

పనిచేసినది

2023 జులైలో ఒక ఫుల్‌స్కేప్ కాగితం మీద దశలు రాసుకున్నాం. ఇద్దరూ తిరగగలిగినన్నాళ్లు ఇల్లే. బాత్రూములో కడ్డీలు, ఎత్తయిన కమోడ్, అడుగు వేస్తే వెలిగే దీపం. తీగల్లేని కాలింగ్ బెల్ ఒకటి కొని, బటన్ మంచం పక్కన, మోగేది పక్కింట్లో పెట్టాం. అన్నిటికన్నా ఉపయోగపడింది పై పోర్షన్. ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సు కుటుంబానికి తక్కువ అద్దెకు ఇచ్చారు. హైదరాబాద్‌లో నెలకు వేలు పోసి కొనబోయిన నర్సు మెట్ల మీదనే దొరికింది, ఎప్పుడూ ఉంటుందని హామీ లేకపోయినా.

ఏం జరిగితే మారాలో కూడా అదే కాగితం మీద రాశాం. ఆరు నెలల్లో రెండోసారి పడితే, మందులు వారంలో రెండుసార్లు తప్పితే, మూడు నెలల్లో మూడు కిలోలకు మించి బరువు తగ్గితే. "ఒంటరి అయితే" అని కూతురు రాయబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. "ఒంటరితనం రోగం కాదు" అన్నారు. తీసేశాం.

ఎక్కడికి అన్నది తేల్చడానికి అదే ఏడాది ఆగస్టులో రెండో ప్రయత్నం చేశారు. ఈసారి విశాఖపట్నం శివార్లలో, కూతురింటికి ముప్పావుగంట దూరంలో, చిన్న చోటు. కొనక్కర్లేదు, అద్దె. పూర్తిగా ఒక నెల. పండుగ నెల కాకుండా, కొడుకు సెలవులు కాకుండా, మామూలు వానాకాలపు నెల. వెళ్లింది వినికిడి యంత్రాలతో.

మా పట్టికలో భాష నష్టాల వైపు ఉంది. తెలుగు చదవలేని మనిషి తెలుగు ఊళ్లో ఏం చేస్తుందని. అక్కడి వంటింట్లో, వార్డులో పనిచేసే ఆడపిల్లల్లో సగం మంది మా జిల్లా కొండల నుంచి, గుమ్మ వైపు నుంచి వెళ్లిన సవర పిల్లలట. వాళ్లకు ఒడియా వచ్చు, తెలుగు అంతంతమాత్రం. అక్కడి పెద్దలకు తెలుగు తప్ప రాదు. మాస్టారి భార్య మధ్యలో నిలబడ్డారు. మూడో రోజుకే ఎవరికి చక్కెర వద్దో, ఎవరి ఇడ్లీ మెత్తగా ఉండాలో పిల్లలకు ఆవిడే చెప్పడం మొదలైంది. సంతలో చింతపండు బేరమాడుతూ నేర్చుకున్న నాలుగు సవర మాటలు కూడా పనికొచ్చాయి. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకున్నది మా ఊళ్లోనేనని మాస్టారు అక్కడ అందరికీ చెప్పి, తన భార్యను ఆయన వారసురాలిని చేశారట. ఇది ఏ పట్టికలోనూ ముందుగా రాయగలిగే విషయం కాదు.

మాస్టారికి మాత్రం అక్కడ చదరంగం ఆడేవాళ్లు దొరకలేదు. నెల పూర్తవుతూనే బయలుదేరదామన్నది ఆయన.

ఆ తర్వాత

2024 అక్టోబరులో మాస్టారు పక్షవాతంతో పోయారు. ఆసుపత్రిలో మూడు రోజులు. పడటానికీ దీనికీ సంబంధం లేదు. పడిన తర్వాత ఆయన సొంత ఇంట్లో రెండేళ్లకు పైగా ఉన్నారు, మళ్లీ పడలేదు.

ఆవిడ ఇంట్లోనే ఉంటానన్నారు. ఎవరూ బలవంతం చేయలేదు. నాలుగో నెలలో ఆవిడే ఫుల్‌స్కేప్ కాగితం పట్టుకుని వచ్చారు. గోడ క్యాలెండరు మీద వారం వారం బరువు రాసుకుంటున్నారు, 4 కిలోలు తగ్గింది. "ఒక్కదానికి వండుకోబుద్ధి కావడం లేదు" అన్నారు. ఏడాది తిరగకుండా ఇల్లు వదలకూడదని బంధువులు అభ్యంతరం చెప్పారు. మాసికాలు ఎక్కడ పెట్టినా చెల్లుతాయని పురోహితుడు ఒక్క మాటతో తేల్చారు. 2025 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో ముందు ఉండి చూసిన చోటికే వెళ్లారు.

అక్కడ ఒక్కరికి 28,000. కుటుంబ పెన్షన్ 22,800, ఇంటి కింది పోర్షన్ అద్దె 7,000. ఇప్పటికి సరిపోతుంది, రెండు మూడేళ్ల తర్వాత చాలదు. ఆ తేడా కోసం కొడుకు ఆవిడ పేర ప్రతి నెలా ఒక ఖాతాలో వేస్తున్నాడు. అడిగి పుచ్చుకోవడం ఉండకూడదన్నది ఆవిడ షరతు. ఇల్లు ఆవిడ పేరనే ఉంది. రాష్ట్రం మారితే పెన్షన్ ఆగుతుందేమోనన్న భయం డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్‌తో తీరింది, వేలిముద్ర ఎక్కడ వేసినా ఒకటే.

ఈ కేసు తర్వాత నా అలవాట్లు కొన్ని మారాయి. సీనియర్ లివింగ్ అన్న మాట వినబడగానే పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ చూస్తాను. ఇద్దరి చెవులూ చూస్తాను. ఏ లిపి చదువుతారో మొదటి పేజీలోనే రాస్తాను. దంపతులను విడివిడిగా అడుగుతాను, ముఖ్యంగా "ఆయన ఎక్కడుంటే అక్కడే" అన్నవాళ్లను. లెక్క ఒక్కరికి వేయించి, తర్వాతే ఇద్దరికి వేయిస్తాను. ఇది కొంచెం క్రూరంగా ఉంటుంది, గదిలో నిశ్శబ్దం వస్తుంది. ఆ నిశ్శబ్దాన్ని నింపడానికి నేను ఇప్పుడు తొందరపడను. ప్రశ్నార్థకాలు మాత్రం రోగి కాగితం మీద పెట్టడం మానేశాను, నా డైరీలో పెట్టుకుంటున్నాను.

మొన్న మార్గశిరం మొదటి లక్ష్మీవారానికి ఆవిడ ఊరికి వచ్చారు. ముగ్గు వేసి, పాదాలు వేసి, పై పోర్షన్ పిల్లలకు ప్రసాదం ఇచ్చి సాయంత్రం నా దగ్గరకు వచ్చారు. తగ్గిన బరువులో రెండున్నర కిలోలు తిరిగి వచ్చాయి. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి వచ్చి కూర్చోవడానికి 14 సెకన్లు, కొంచెం ఎక్కువే. మోకాళ్లకు వ్యాయామం చెప్పాను.

సంచిలోంచి కొత్త ఒప్పందం తీశారు. వచ్చే ఏడాదికి, ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పమన్నారు. నేను తెలుగులో చెబుతుంటే ఆవిడ వెనుక పేజీలో పెన్సిలుతో ఒడియాలో రాసుకున్నారు. అద్దె 7 శాతం పెంపు. భోజనం ఛార్జీ పాతదే.

"మతి తప్పితే ఖాళీ చేయమని ఇందులో ఉందా?" అన్నారు.

పేజీలు తిప్పి చూశాను. ఆ మాట లేదు. మనిషి అవసరమైతే అటెండెంటును ఇస్తామని మాత్రం ఉంది. దానికి నెలకు ఎంత అన్నచోట గీత గీసి ఖాళీగా వదిలారు. వేలు పెట్టి చూపించాను. ఆవిడ ఆ ఖాళీ చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, పక్కన ఏదో రాశారు. ఏమిటమ్మా అది అని అడిగాను.

"సోమవారం మేనేజరును అడగాలి. అంకె వేయించాకే సంతకం."